జీపుకి ఒరిజినల్ అంటే ఏ సంవత్సరం?

పాత జీపు ఉన్నవాడు ఎక్కడ బండి ఆపినా రెండు ప్రశ్నలు తప్పవు. ఒకటి "ఎంతిస్తుందండీ?" రెండు "ఒరిజినలేనా?" మొదటిదానికి జవాబు తేలికే. లీటరుకి పన్నెండు, అదీ దాని మూడ్ బావుంటే. రెండోదానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నావల్ల కావట్లేదు. ఏ సంవత్సరం ఒరిజినల్ అని ఎదురు ప్రశ్న వేస్తే జనం అదోలా చూస్తారు.

నా దగ్గరున్నది 1972 మోడల్ మహీంద్రా సీజే-3బి. పెట్రోలు ఇంజనుతో పుట్టింది. 1984లో అప్పటి ఓనరు, తెనాలి వైపు ధాన్యం వ్యాపారి, దాన్ని డీజిల్ చేయించాడు. అంటే పెట్రోలుతో పన్నెండేళ్ళు బతికింది, డీజిలుతో నలభై ఏళ్ళు దాటింది. కిలోమీటర్ల సంగతి అడక్కండి, మీటరు ఎన్నిసార్లు సున్నాకొచ్చిందో దానికే తెలీదు. ఇప్పుడు దీన్ని పూర్తిగా విప్పి బాగుచేయిస్తున్నా. మళ్ళీ పెట్రోలింజను పెట్టాలా, ఉన్న డీజిలే ఉంచాలా అన్నది తేలాలి.

ఇది కేవలం నా సరదాకి సంబంధించిన విషయమైతే ఇంత రాయను. మధ్యలో చట్టం ఉంది. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్లో గానీ చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. ఇవన్నీ ఉంటే 20,000 రూపాయల ఫీజుతో "వీఏ" అక్షరాలున్న ప్రత్యేక నంబరు, పదేళ్ళ రిజిస్ట్రేషన్. కాకపోతే ఆ బండిని ర్యాలీలకీ, ప్రదర్శనలకీ, ఆయిలు పోయించుకోడానికీ, రిపేరుకీ తప్ప రోజూ తిప్పకూడదు. నా జీపు వయసు పరీక్షలో పాస్, ఇంజను పరీక్షలో ఫెయిల్. పెట్రోలింజను పెడితే ప్రభుత్వం దృష్టిలో అది వారసత్వ సంపద. డీజిల్ ఉంచితే ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్‌కి నిలబడాల్సిన ఒక పాత బండి. (ఆ రెన్యువల్ ఫీజు కూడా 2022 ఏప్రిల్లో కార్లకి 600 నుంచి 5,000 చేశారు.)

సరే, ఒరిజినల్ సంగతి తేలాలంటే 1940కి వెళ్ళాలి.

ఆ ఏడాది జులైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకి ఒక స్పెక్ పంపింది. నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి, బరువు 1,300 పౌండ్లు, అంటే 590 కిలోలు దాటకూడదు, మొదటి నమూనా 49 రోజుల్లో గుమ్మంలో ఉండాలి. మన క్లయింట్లే నయం అనిపిస్తుంది కదా! గడువుకి ఒప్పుకున్నది అమెరికన్ బాంటమ్ అనే దివాలా అంచున ఉన్న చిన్న కంపెనీ ఒక్కటే. వాళ్ళకి డిజైనింగ్ స్టాఫ్ కూడా సరిగ్గా లేక కార్ల్ ప్రోబ్స్ట్ అనే బయటి ఇంజనీరుని పిలిపించుకున్నారు. సెప్టెంబరు 23న బండి మేరీలాండ్‌లోని హోలాబర్డ్ సైనిక కేంద్రానికి చేరింది. 590 కిలోల మాట ఎవరివల్లా కాలేదనుకోండి, తరవాత సైన్యమే ఆ పరిమితిని 2,160 పౌండ్లకి పెంచింది.

ఆ తర్వాత జరిగింది మన ఫీల్డులో వాళ్ళకి బాగా అర్థమవుతుంది. బాంటమ్ చిన్న కంపెనీ, కావలసినన్ని బండ్లు ఇవ్వలేదని సైన్యానికి భయం. అందుకని బాంటమ్ గీసిన బొమ్మల్ని విల్లీస్‌కీ, ఫోర్డ్‌కీ ఇచ్చేసింది. వాళ్ళిద్దరూ తమ తమ నమూనాలు చేశారు. విల్లీస్‌లో బార్నీ రూస్ అనే ఇంజనీరు తమ పాత ఇంజన్ని సానబెట్టి 60 హార్స్‌పవర్ దాకా లాక్కొచ్చాడు. ఆ "గో-డెవిల్" ఇంజనే విల్లీస్‌ని గెలిపించింది. బరువు తగ్గించడానికి బోల్టుల చివర మిగిలిన ముక్కలు కూడా కోశారనీ, పెయింటు ఎన్ని కోట్లు వెయ్యాలో లెక్కేశారనీ చెప్పుకుంటారు. చివరికి విల్లీస్ డిజైను ఖాయమైంది, 1941 నవంబరు నుంచి అదే డిజైను ఫోర్డ్ కూడా తయారుచెయ్యాలని ఒప్పందమైంది. యుద్ధం అయ్యేసరికి ఇద్దరూ కలిసి దాదాపు 6 లక్షల 40 వేలు చేశారు. పాపం బాంటమ్ ట్రెయిలర్లు చేసుకుంటూ మిగిలిపోయింది. జీపుని తామే సృష్టించామని విల్లీస్ ప్రకటనలు వేసుకుంటే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1943లో కేసు పెట్టింది, 1948లో అలా చెప్పుకోవద్దని తీర్పిచ్చింది. అయినా 1950లో "జీప్" ట్రేడ్‌మార్క్ విల్లీస్‌కే దక్కింది. బాంటమ్ పేరు ఈ రోజు ఎంతమందికి తెలుసు?

ఇక్కడ అసలు కిటుకేమిటంటే, విల్లీస్ జీపు పార్టు ఫోర్డ్ జీపుకి పట్టాలి. సైన్యం పట్టుబట్టింది దాని గురించే. యుద్ధరంగంలో రెండు పాడైపోయిన జీపుల్ని విప్పి ఒక నడిచే జీపు చెయ్యగలగాలి. కొలతలు ఒక్కటే, తయారీదార్లు ఇద్దరు. ఫోర్డ్ మాత్రం తను చేసిన పార్టుల మీద, చివరికి బోల్టుల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టుకుంది. ఇప్పుడు పాశ్చాత్య దేశాల్లో రిస్టోరేషన్ చేసేవాళ్ళు ఫోర్డ్ జీపుకి ఎఫ్ ముద్రున్న బోల్టే ఉండాలని ఏళ్ళ తరబడి వెతుక్కుంటారు. ఏ బోల్టు ఎవరిదైనా ఫరవాలేదని పుట్టిన బండిలో ఏ బోల్టు ఎవరిదని వెతుకులాట! వాళ్ళ ఓపికకి దణ్ణం పెడతాను గానీ నాకు మాత్రం నవ్వొస్తుంది.

ఇంకో సంగతి. జీపుకి సైన్యం మాన్యువల్ రాసింది. 1944 నాటి టీఎం 9-803 వాటిలో ముఖ్యమైనది. ఇంజను, క్లచ్‌లకి 9-1803ఏ, గేర్‌బాక్సు నుంచి బాడీ దాకా 9-1803బి. అమెరికా ప్రభుత్వ ప్రచురణలు కాబట్టి కాపీరైటు గొడవ లేదు, నెట్లో స్కాన్లు దొరుకుతాయి. నేను ఉద్యోగంలో చదివిన డాక్యుమెంటేషన్లో దీని సగం పాటి ఉన్నది తక్కువ. బండి తియ్యబోయే ముందు, నడిపేటప్పుడు, దారిలో ఆపినప్పుడు, షెడ్డుకి చేరాక డ్రైవరు ఏమేం చూడాలో విడివిడిగా ఉంటుంది. రిపేరు పని ఐదు అంచెలు. మొదటి అంచె డ్రైవరే, ఐదో అంచె ఇంజను పూర్తిగా కొత్తది చేసే డిపో. పిస్టన్లు మామూలు సైజుతో పాటు పది, ఇరవై, ముప్ఫై, నలభై థౌ ఓవర్‌సైజుల్లో ముందే తయారు. అంటే ఈ బ్లాకు అరుగుతుంది, బోరు కొట్టిస్తారు, మళ్ళీ అరుగుతుంది, మళ్ళీ కొట్టిస్తారు అని డిజైన్లోనే ఒప్పుకున్నారన్నమాట. అరగని బండి చెయ్యాలని వాళ్ళనుకోలేదు. ముక్కూ మొహం తెలియనివాడు ఎక్కడో బురదలో కూచుని బాగుచేసుకోగల బండి చెయ్యాలనుకున్నారు.

ఆ ముక్కూ మొహం తెలియనివాడు చివరికి మనవాడే అయ్యాడు.

1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే ఉక్కు వ్యాపార సంస్థ మొదలైంది. మహీంద్రా సోదరులతో పాటు ఉన్న ఆ మొహమ్మద్, గులాం మొహమ్మద్. విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి మొదటి ఆర్థికమంత్రి, 1951లో గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇక్కడ 1948లో పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. కే.సీ. మహీంద్రా యుద్ధకాలంలో వాషింగ్టన్లో భారత ప్రభుత్వ సరఫరా మిషన్లో పనిచేసినప్పుడు బార్నీ రూస్‌ని కలిశాడనీ, జీపు ఆలోచన అక్కడే పుట్టిందనీ కంపెనీ చెప్పుకునే కథ. విడిభాగాలు ఓడలో తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలుపెట్టి క్రమంగా ఇక్కడే తయారుచెయ్యడం మొదలెట్టారు.

నా జీపు తాలూకు మోడల్, సీజే-3బి, అమెరికాలో 1953లో వచ్చింది. అదే బోరు, అదే స్ట్రోకు, కానీ ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులోకి వెళ్ళిన "హరికేన్" ఇంజను. దాంతో ఇంజను ఎత్తు పెరిగి, బానెట్ పట్టక, బానెట్నే ఎత్తుచేశారు. మన పాత జీపుల మొహం అలా గడ్డం పైకెత్తినట్టు ఉండటానికి కారణం అదీ! కన్నతల్లి లాంటి కంపెనీ 1968లో దాన్ని ఆపేసింది. జపాన్లో మిత్సుబిషి లైసెన్సు తీసుకుని తన రకం జీపుల్ని 1998 దాకా చేసింది. మన దగ్గర ఆ వంశం పేర్లు మార్చుకుంటూ ఇంకా సాగింది. 2018లో మహీంద్రా "రాక్సర్" పేరుతో అమెరికాలో అమ్మబోతే జీప్ బ్రాండు కొత్త యజమానులు మా రూపం కాపీ కొట్టారని కేసు వేశారు. 2020 జూన్లో అక్కడి ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ ఆ మోడల్ అమ్మకం ఆపమంది, మహీంద్రా ముందు భాగం మార్చుకోవాల్సొచ్చింది. బాంటమ్ వాళ్ళు ఉండుంటే ఈ కేసు చూసి ఏమనుకునేవారో!

మన ఊళ్ళలో జీపంటే మొదట ప్రభుత్వమే. 1952 అక్టోబరు 2న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టులు మొదలయ్యాక బీడీవో గారి జీపు, తర్వాత పోలీసు జీపు, ఎలక్షన్లప్పుడు మైకు కట్టిన జీపు. ఆఫీసు వేలాల్లో కొని రైతులూ వ్యాపారులూ వాడుకున్నది తర్వాతి కథ. పాడేరు, అరకు వైపు సర్వీసు జీపుల్లో బానెట్ మీద కూడా జనం కూచుని వెళ్ళడం చూసినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు.

1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు జీపుని పోషించడం సొంతదారుడికి తలకు మించిన పనయింది. డీజిలు అంతకన్నా చాలా చవక. మహీంద్రాకి అప్పటికే ట్రాక్టర్ల వ్యాపారం ఉంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి 1963లో పెట్టిన కంపెనీ బీ-275 ట్రాక్టరు చేసేది. ఆ ట్రాక్టరు ఇంజను జీపుల్లోకి వచ్చింది. 1979లో ప్యూజో నుంచి ఎక్స్‌డీపీ 4.90 డీజిల్‌కి లైసెన్సు తీసుకున్నారు. (నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, పేరులోనే స్పెక్ ఉంది చూడండి.) ఆ 2,112 సీసీ ఇంజనే తర్వాత ఎంఎం 540కి ప్రాణం. కంపెనీ డీజిల్ జీపులు ఒక పక్క, పాత పెట్రోలు జీపులకి డీజిల్ మార్చే మేస్త్రీలు ఇంకోపక్క. విజయవాడ ఆటోనగర్లో ఈ పని చెయ్యని సందు లేదని పాతవాళ్ళు చెబుతారు.

నా జీపులో ఉన్నది ఇంటర్నేషనల్ ఇంజను, దుక్కి దున్నడానికి పుట్టింది. పాత మూడు గేర్ల బాక్సుకీ దానికీ మధ్య ఎవరో లేతు మీద తిప్పిన అడాప్టర్ ప్లేటుంది. దాని మీద కంపెనీ ముద్ర లేదు, పార్టు నంబరు లేదు, డ్రాయింగు లేదు. మొన్న విప్పినప్పుడు కొలిపించాను. నలభై ఏళ్ళ తర్వాత కూడా షాఫ్టు సెంటర్ తేడా లేకుండా ఉంది. చేసినవాడి పేరెవరికీ తెలీదు. మా మేస్త్రీ దాన్ని చేత్తో తడిమి, "ఇది తిప్పినోడు మామూలోడు కాదు బాబూ" అని పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

అలాగని ఈ మార్పిడిలో లోపాల్లేవని కాదు. ఉన్నాయి, చాలానే. సీజే-3బి యాక్సిల్లో క్రౌన్ 43 పళ్ళు, పినియన్ 8 పళ్ళు. టాప్ గేరులో ఇంజను 5.38 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. 6.00-16 టైరు ఒక చుట్టుకి సుమారు 2.3 మీటర్లు. పెట్రోలింజను 4,000 ఆర్పీఎం తిరుగుతుంది కాబట్టి గంటకి వంద కిలోమీటర్లు లెక్క తేలుతుంది. డీజిలు 2,400 దగ్గరే మొరాయిస్తే అరవై. హైవే మీద లారీలు హారన్ కొట్టి మరీ దాటిపోతాయి. 39-8 పళ్ళ సెట్టు, అంటే 4.88, వేస్తే అరవై ఏడు దాకా వస్తుంది. కానీ ముందు యాక్సిల్‌కీ వెనక యాక్సిల్‌కీ రెండింటికీ కలిపే మార్చాలి. ఒక్కదానికే మార్చి ఫోర్‌వీల్ వేస్తే ముందు చక్రాలొక లెక్క, వెనక చక్రాలొక లెక్క. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఏదో ఒకటి విరుగుతుంది. మామూలు తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వెయ్యొద్దనేది కూడా ఇందుకే.

రెండోది బరువు, ఊపుడు. ట్రాక్టరు ఇంజను పెట్రోలుదానికన్నా బాగా బరువు. ముందు కమాన్లు కూచుంటాయి, ఎవరో ఒక పట్టీ అదనంగా వేస్తారు, అక్కడ్నుంచి ముందు యాక్సిల్ వాలు మారుతుంది. దానికి తోడు కింగ్‌పిన్ బేరింగులు అరిగితే నలభై దాటగానే స్టీరింగు పూనకం వచ్చినట్టు ఊగుతుంది. చాలామంది స్టీరింగ్ బాక్సు మారుస్తారు, టైర్లు మారుస్తారు, బ్యాలెన్సింగు చేయిస్తారు. ముందు జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. ఆట ఉంటే వీల్ బేరింగో కింగ్‌పిన్నో తేల్చుకోవాలి. బ్రేకు తొక్కి పట్టినా ఆట పోలేదంటే కింగ్‌పిన్నే. అక్కడ కాగితం మందం షిమ్ములు తీసి, స్ప్రింగు త్రాసుతో లాగి చూసి బిగింపు సరిచెయ్యాలి. ఇదంతా 1944 మాన్యువల్లో ఉంది. మా మేస్త్రీ ఆ మాన్యువల్ చూడలేదు, కానీ అదే పద్ధతి చెప్పాడు. ఆయన గురువెవరో, ఆ గురువు ఏ మిలటరీ వర్క్‌షాపులో పనిచేశాడో!

ఛాసిస్ గురించి కూడా ఆయనే హెచ్చరించాడు. "ఈ ఇంజను ఊపుడికి మౌంటింగ్ దగ్గర ఛాసిస్ నెర్రెలిస్తుంది బాబూ. రంగు సంగతి తర్వాత, ముందు అది గీకించి చూడండి." గీకించాం. రెండు చోట్ల చీలింది. వెల్డింగ్ చేసి లోపలినుంచి పట్టీ వేయించాం.

పెట్రోలు పక్షం వాళ్ళ వాదన కూడా ఇదే. ఆ ఛాసిస్‌కి ఆ ఇంజనే లెక్క, బరువు సరిపోతుంది, గేర్లు సరిపోతాయి, హాయిగా మెత్తగా నడుస్తుంది అంటారు. ఇంజనీరుగా నేను కాదనలేను. ముట్టుకోని పెట్రోలు 3బి ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి దానికి డీజిలు పెట్టకండి. ఎలాగూ 2000లో అమల్లోకొచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణ, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చడం కుదరదు కూడా. నా బండి మార్పు అంతకు చాలా ముందుది, ఆర్టీవో ఆఫీసు ఆర్సీలో డీజిల్ అని అప్పుడే ఎక్కించింది.

కానీ "ఒరిజినల్" అనే మాటని 1972 దగ్గర మేకు కొట్టి ఆపడం నాకు నచ్చదు. 1972 బండిలో ఉన్న డిజైను 1953ది, దాని వేరు 1940ది, అదీ ఒకడు గీస్తే ఇంకొకడు చేసింది. ఇన్ని చేతులు మారిన వంశంలో పెట్రోలు ధర తట్టుకోలేక ఒక ధాన్యం వ్యాపారి, పేరు తెలియని ఒక లేతు పనివాడు చేసింది మాత్రం అతుకు, మిగతాదంతా చరిత్రా? ఈ నిబంధన రాసినవాళ్ళకి దురుద్దేశం ఉందనుకోను. కొత్త ముక్కలతో అతికి వింటేజ్ అని అమ్మేవాళ్ళని ఆపాలిగా. కానీ నిన్న కొన్న హరికేన్ ఇంజను బిగిస్తే నా జీపు పాతదవుతుందట, నలభై ఏళ్ళుగా అందులోనే ఉన్న ఇంజను ఉంచితే కాదట. ఇదేం లెక్క?

ఈ వాదనకి ఎదురు ఉదాహరణగా జోంగా గుర్తొస్తుంది. నిస్సాన్ పెట్రోల్ డిజైనుకి లైసెన్సు తీసుకుని జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ 1999 దాకా సైన్యం కోసం చేసిన బండి. ఆరు సిలిండర్లు, 3,956 సీసీ పెట్రోలు, నిజంగా గట్టి బండి. కానీ దాన్ని చేసింది ఒకే ఫ్యాక్టరీ, కొన్నది ప్రధానంగా ఒకే కస్టమరు. వేలంలో కొన్నవాళ్ళు పార్టుల కోసం ఇంకో జోంగాని విప్పాల్సిందే. జీపుకి ఆ తిప్పలు తక్కువ. ఎక్కువ చేతులు పెట్టినందుకే ఎక్కువ కాలం బతికింది.

కాబట్టి వీఏ నంబరు ప్లేటు నాకొద్దనుకున్నాను. ఇంజను బయటికి తీసి లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్పించాం, క్రాంకు గ్రైండింగ్ అయింది, నాజిళ్ళు క్యాలిబ్రేషన్‌కి వెళ్ళాయి. అడాప్టర్ ప్లేటుని మాత్రం ముట్టుకోలేదు. కాకపోతే దాన్ని విప్పి ఉండగానే వెర్నియర్‌తో ప్రతి రంధ్రం, ప్రతి మెట్టు కొలిచి ఒక డ్రాయింగు గీశాను, మూడు సాయంత్రాలు పట్టింది. ఒక ప్రింటు మేస్త్రీకిచ్చాను. చూసి, ఒక కొలత మీద వేలు పెట్టి, "ఇక్కడ రెండు థౌ వదలాలి బాబూ, లేపోతే బేరింగు వేడెక్కుద్ది" అన్నాడు. అది కూడా రాసుకున్నాను. వచ్చే వారం కింగ్‌పిన్ షిమ్ములు రావాలి, అవి రాగానే ముందు యాక్సిల్ పని మొదలు.